పదకొండో పాఠం

నాలుగేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మామూలు బరువు కాదు. ఇందులో నమ్మకద్రోహం ఉంది, దొంగ రాత ఉంది, ఒక మంచి మనిషి పతనం ఉంది. పర్వాలు పర్వాలుగా రాయాల్సిన కథ.

కాదు లెండి. ఒక స్పైరల్ నోట్‌బుక్ కథ. పావుకిలో కూడా తూగదు. పతనం మాత్రం నిజమే, నిచ్చెన మీంచి.

నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అడుగడుక్కీ తెలుగువాళ్లే ఉండే ఈ టెక్సాస్ ఊళ్లో, ఫ్రిస్కోలో, తెలుగువాడికి ఇంతకన్నా ఏకాంతం దొరకదు కాబట్టి మీకే చెబుతున్నాను.

ఆయన్ని రత్నం అంకుల్ అందాం. చీరాలలో కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు నడిపిన మనిషి. చెల్లెలు పెట్టిన గ్రీన్‌కార్డ్ పిటిషన్ యాభై దాటాక ఫలించింది. ఆంటీతో కలిసి ఇక్కడికొచ్చి, ఇండియన్ గ్రోసరీలో బియ్యం బస్తాలు సర్దుతూ, ఇళ్లకి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్ అవుదామని ఆన్‌లైన్ కోర్సులో చేరారు. ముప్పై నాలుగు వీడియో పాఠాలు. చెప్పేవాడు టెక్సాస్ యాసలో ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. అంకుల్‌కి అందేది కాదు.

నాకప్పుడు ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగం దొరకలేదు. ఆదివారం తెలుగు చర్చికి వెళ్లేవాణ్ణి. భక్తి కొంత, ఆరాధన అయ్యాక పెట్టే బిర్యానీ కొంత. ఎంతెంత అని అడగొద్దు. ఒకరోజు ఆ బిర్యానీ ముందు కూర్చుని, వీడియోలన్నీ చూసి తెలుగులో నోట్స్ రాసిస్తానని అంకుల్‌కి మాటిచ్చాను.

ఆయన గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆయనకి చర్చి పాటల పుస్తకం మొత్తం నంబర్లతో సహా కంఠతా వచ్చు. పాస్టర్ గారు పాట మొదటి మాట అనేలోపే వెనక వరసలోంచి నంబరు వినిపించేది. జనం పేజీలు తిప్పేది అంకుల్ గొంతు విని.

నేను నోట్స్ రాశాను. బాగానే రాశాను, బొమ్మలతో సహా. కానీ నేను ఇంటర్ చదివింది హాస్టల్లో ఉంచి ర్యాంకులు పిండే కాలేజీలో. అక్కడ లెక్చరర్ పుస్తకం తెరవగానే ముందు విషయసూచిక మీద పెన్సిల్‌తో టిక్కులు పెట్టించేవాడు. ఇది ఇంపార్టెంట్, ఇది వస్తుంది, ఇది రాదు. రానిది చదివినవాణ్ణి పిచ్చివాడిలా చూసేవాళ్లం. నా చదువంతా అదే. అలాగే ఇంజనీరింగ్ దాటాను, అలాగే సముద్రం దాటాను. రాదు అనుకున్నది ఒక్కసారీ రాలేదు.

పదకొండో పాఠం నేను చూడలేదు. ప్రాక్టీస్ టెస్టులు తిరగేశాను, దాంట్లోంచి ఒక్క ప్రశ్న లేదు. నోట్‌బుక్‌లో పాఠం పేరు రాసి, పక్కన పెన్సిల్‌తో 'రాదు' అని రాసి, రెండు పేజీలు ఖాళీగా వదిలేశాను. గ్రోసరీ బయట పార్కింగ్‌లో ఆ పేజీ చూపించి, ఇది ఫర్వాలేదా అని అంకుల్ అడిగారు. ఎగ్జామ్‌లో రాదంకుల్, వదిలేయండి అన్నాను. సరే బాబూ, నువ్వు చెప్పాక ఇంకేముంది అన్నారు.

నిజంగానే రాలేదు. అంకుల్ పాసయ్యారు. ఒక కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా చేరారు.

మూడో నెల. ఒకరి బెడ్‌రూమ్‌లో సీలింగ్ ఫ్యాన్ మార్చాలి. ఆ గదికి కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్ కట్టేశారు. కానీ స్విచ్‌ల ప్యానెల్ మీద ఆ గది పేరు ఎవరో ఎప్పుడో తప్పు రాసి పెట్టారు, ఆగింది వేరే గది. తోడొచ్చిన సీనియర్ ఎలక్ట్రీషియన్ ట్రక్ దగ్గరికి వెళ్లాడు. అంకుల్ నిచ్చెన ఎక్కి, కరెంటు ఉంటే లైటు వెలిగి కూత పెట్టే టెస్టర్‌ని వైరు దగ్గర పెట్టి చూశారు. లైటు వెలగలేదు, కూత లేదు. కరెంటు లేదనుకుని పట్టుకున్నారు. నిజానికి లేనిది టెస్టర్‌లో బ్యాటరీ.

ప్రాణం దక్కింది. పడ్డప్పుడు భుజం విరిగింది.

పదకొండో పాఠం నేను ఆ మర్నాడు చూశాను. ఇరవై రెండు నిమిషాలు. మొదట టెస్టర్‌ని కచ్చితంగా కరెంటు ఉన్నచోట పెట్టి, అది పనిచేస్తోందో లేదో చూడాలి. తర్వాత వైరు మీద. తర్వాత మళ్లీ కరెంటు ఉన్నచోట. పాఠమంతా అదే. మూడు వాక్యాలు.

ఇక్కడితో ఆగితే ఇది నిర్లక్ష్యం. దీనికి నాలుగేళ్ల బరువు ఉండదు.

వారం తర్వాత చూడ్డానికి వెళ్లినప్పుడు, పేజీలకి ఫొటోలు తీసుకుంటానని ఆంటీని అడిగి నోట్‌బుక్ తెచ్చుకున్నాను. 'రాదు' చెరిపేశాను. ఖాళీగా ఉన్న రెండు పేజీల్లో పదకొండో పాఠం పూర్తిగా, బొమ్మలతో రాశాను. తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుందని. అదే అనుకున్నాను. మరి అదే నీలం జెల్ పెన్ కోసం మూడు స్టోర్లు ఎందుకు తిరిగాను? అక్షరాలు పాతవాటిలాగే కొంచెం వాలుగా రావాలని ముందు చిత్తుకాగితం మీద ఎందుకు ప్రాక్టీస్ చేశాను? జీవితంలో నేను ఇంత శ్రద్ధగా రాసిన నోట్స్ ఇంకొకటి లేదు.

పుస్తకం తిరిగిచ్చిన నాలుగో రోజు భోజనానికి పిలిచారు. అంకుల్ భుజానికి పట్టీతో, ఎడమచేత్తో ఆ పేజీ తెరిచి పెట్టుకుని ఉన్నారు.

"బాబూ, ఇది నువ్వు రాయలేదనుకున్నానే. రాదు, వదిలేయమన్నావు కదా. పార్కింగ్‌లో. ఎండ మాడిపోతోంది, నీ చేతిలో మామిడి జ్యూసు."

జ్యూసుతో సహా గుర్తుంది ఆయనకి.

"అది పన్నెండో పాఠం గురించి అంకుల్."

"పన్నెండోదా?"

"ఇది నోట్స్‌లో ఉంది కదా."

ఆయన మళ్లీ పేజీ చూశారు. పేజీ మీద వేలు పెట్టి చూశారు.

"ఉంది. అవును, ఉంది కదా మరి." వంటింటి వైపు తిరిగారు. "ఏమేవ్, నాకు మతి పోతోందే."

"కొత్తగా పోయేదేముంది, పెళ్లిచూపుల్లోనే చూశాగా," అంది ఆంటీ. "బాబుకి పులుసు వేస్తా, ఆ పుస్తకం తియ్యండి ముందు."

అందరం నవ్వాం. నేను కూడా. పులుసు బాగుంది, రెండోసారి వేయించుకున్నాను.

ఆ ఆదివారం అంకుల్ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పారు. దేవుడు ప్రాణం కాపాడాడన్నారు. ఈ బాబు కళ్లకు కట్టినట్టు రాసిపెట్టినా చదవని బుద్ధిహీనుణ్ణి అన్నారు. అందరూ నావైపు తిరిగి చూశారు. ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. కొంచెం గట్టిగానే.

భుజం ఆరు నెలల్లో కుదిరింది. కాంట్రాక్టర్ మళ్లీ పిలిచాడు. అంకుల్ వెళ్లలేదు. చదివింది గుర్తుండనివాడు కరెంటు ముట్టుకోకూడదు బాబూ అన్నారు. డాక్టర్ దగ్గరికెళ్లి మతిమరుపుకి పరీక్షలు చేయించుకున్నారు. అంతా బాగుందని డాక్టర్ చెబితే, ఆయనకేం తెలుసు అన్నారు. ఇప్పుడు మళ్లీ బియ్యం బస్తాలే. చర్చిలో నంబరు చెప్పడం మానేశారు. పాట అనౌన్స్ చేయగానే సూచిక తీసి వేలితో వెతుకుతారు. వెతికి, అదే నంబరు చూసి, తల ఊపుతారు. నేను వెనక కూర్చుని చూస్తుంటాను.

చెప్పబోయాను, మూడుసార్లు. రెండుసార్లు అన్నం పెట్టారు. మూడోసారి ఆయనే ముందు, నీలాంటి కొడుకు ఉంటే బాగుండేది అన్నారు. ఆ తర్వాత వాక్యం ఎలా మొదలుపెట్టాలో మీకు తెలిస్తే చెప్పండి.

దేనికి భయం? ఆయన తిట్టరు. నా మాట పూర్తికాకముందే క్షమించేస్తారు, నా ఖర్మకి దాని మీద కూడా ఒక సాక్ష్యం చెబుతారు. కానీ నా మాటకీ ఆయన క్షమించడానికీ మధ్య ఒక క్షణం ఉంటుంది. నాలుగేళ్లుగా తన మతి తనదగ్గరే ఉందని ఆయనకి తెలిసే క్షణం. ఆ క్షణంలో నేను ఆ గదిలో ఉండలేను. ఉండలేనని ఆయన మతిని నా దగ్గరే పెట్టుకున్నాను. ఒక్క వాక్యంతో తిరిగి ఇచ్చేయగలను. ఈ ఆదివారం కూడా ఇవ్వలేదు.

ఇది చెప్పాల్సింది మీకు కాదని తెలుసు. చెప్పాక కాస్త ఊపిరి ఆడుతోంది. నాకే. ఆయనకి కాదు.

పని మానేసినప్పుడు అంకుల్ తన టెస్టర్ నాకిచ్చేశారు. కిచెన్ సొరుగులో ఉంది. దాంట్లో రెండు ట్రిపుల్-ఏ బ్యాటరీలు పడతాయి. టీవీ రిమోట్‌లో వేసేవే. ఇంకా వేయలేదు.