తొమ్మిదో ఫ్రేములో పోతరాజు

దయ్యాలను నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను, ముందే చెబుతున్నా. మాదన్నపేటలో మా గల్లీ చివరి ఇంట్లో ఏదో తిరుగుతుందని అందరూ అంటుంటే, ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని మిర్చి బజ్జీలు తిన్న మొండిదాన్ని. కానీ నిరుడు బోనాల ముందు, పట్టపగలు, మా ఇంట్లో జరిగింది మాత్రం నాకు అంతుపట్టలేదు.

నాది వీడియో గేములకు బొమ్మలు గీసే పని. చిన్న చిన్న చదరపు చుక్కలు పేర్చి మనిషిని చేస్తాం. ఒక్కో భంగిమకు ఒక్కో ఫ్రేము. వాటిని వరుసగా తిప్పితే మనిషి నడుస్తాడు, ఆడతాడు. అప్పుడు నలుగురం కలిసి పాతబస్తీ మీద ఒక గేము చేస్తున్నాం. అందులో బోనాల ఊరేగింపులో అమ్మవారి ముందు ఆడే పోతరాజు ఉండాలని పట్టుబట్టింది నేనే.

కారణం మా తాత. ఇరవై ఏళ్లు మా బస్తీ బోనాలకు పోతరాజుగా ఆడాడట. ఒంటినిండా పసుపు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. నేను పుట్టకముందే పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. ఆయన ముఖం యాదికి రావడం లేదని నానమ్మ ఈమధ్య ఒకటే బాధపడుతోంది. కనీసం నా గేములోనైనా ఆయన ఆడితే నానమ్మ చూసుకుంటుందని నా ఆశ.

తీరా గీస్తే కొయ్యబొమ్మ. ఎనిమిది ఫ్రేములు పంపితే, గేముకు కోడ్ రాసే కిషన్‌బాగ్ ఇమ్రాన్ భాయ్ ఫోన్ చేశాడు. "ఏంది గిది, ట్రాఫిక్ పోలీస్ లెక్క ఉన్నడు. జాన్ లేదు," అన్నాడు. సాయంత్రం ఐదింటికల్లా కుదరకపోతే పోతరాజును తీసేద్దామన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ కూర్చున్నాను. తొందరలో ఒక తప్పు చేశాను. పాత నాలుగో ఫ్రేము తీసేసి, మూడోదాన్ని కాపీ చేసి దాని చోట పెడుతూ ఎడమ కాలు దించడం మరిచిపోయాను. మడమ నేలకు తాకకుండా ఒక చుక్క పైనే ఉండిపోయింది. సరిచేయబోతుంటే, పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న నానమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గా కాలు గట్లనే ఉండనియ్యి బిడ్డా. మీ తాతకు మడమల మేకు దిగింది. అప్పటిసంది గట్లనే ఎగిరి ఆడుతుండె."

ఆ సంగతి మా ఇంట్లో ఎవ్వరూ నాకు చెప్పలేదు. మళ్లీ తిప్పాను. అబ్బ, ఆ ఒక్క చుక్కతో బొమ్మకు ప్రాణం వచ్చింది. నానమ్మ చేట పక్కన పెట్టి ముందుకు జరిగింది.

"ఇగ సూడు, ఇప్పుడు మర్లి నా దిక్కు సూస్తడు. మన గడప కాడికి రాంగనే సూసెటోడు, నోట్ల నిమ్మకాయ కరుచుకొని."

అలాంటి ఫ్రేమే లేదు నానమ్మా అందామని నోరు తెరిచాను. పోతరాజు తల తిప్పాడు.

లెక్కపెట్టాను. తొమ్మిది ఫ్రేములు. పొద్దున ఇమ్రాన్ భాయ్‌కి పంపిన ఫైలులో ఎనిమిదే ఉన్నాయి. అన్నం తినేప్పుడు ల్యాప్‌టాప్ మూసి ఉంది, పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియదు. పరాకులో నేనే గీశాననుకుందామంటే, గడప దగ్గర తిరిగి చూసే ముచ్చట అప్పుడే వింటున్నాను. ముఖమంతా కలిపి ఆరు చుక్కలు. నోటి దగ్గర ఒక్కటి నిమ్మపచ్చగా ఉంది. నానమ్మ మాత్రం గదే ముఖం, గదే ముఖం అంటూ కూర్చుంది.

నాకు భయం వేయాలి కదా. వేయలేదు. నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొత్త పెళ్లికూతురిలా నవ్వుతుంటే నాకూ నవ్వాగలేదు. మా లొల్లికి అమ్మ గరిటెతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఐదింటికి ఇమ్రాన్ భాయ్ చూసి మస్తుగుందన్నాడు, ఈ మనిషిని యాడ పట్టినవని అడిగాడు.

నాకు తెలిస్తే కదా చెప్పేది. ఆ ఫైలు ఇద్దరు ముగ్గురికి చూపించాను, ఎవరూ తేల్చలేదు. ఇప్పుడు అడగడం కూడా మానేశాను. రోజూ నాలుగింటికి చాయ్ తాగాక నానమ్మ తల దువ్వుకుని, ముఖానికి పౌడర్ రాసుకుని వచ్చి నా పక్కన కూర్చుంటుంది.

"ఇగ పెట్టు బిడ్డా," అంటుంది. "నేను తయారైన."