పడవకు కొత్త రంగు

1969లో నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, వ్యాగన్ విభాగంలో చార్జ్‌మన్‌ని. ఫిట్టర్లకు పైన, ఫోర్‌మన్‌కు కింద ఉండే హోదా అది. మరమ్మతైన వ్యాగన్ నా సంతకం పడితేనే బయటికి వెళ్ళేది. ఆ సంతకం చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

మా అక్క భర్త పోలయ్య బావ బెంగాల్ తీరాన దిఘా దగ్గర చేపల వేట చేసేవాడు. సొంత పడవ లేదు. ఆ చలికాలం అక్కడ ఒక పాత చెక్క పడవ, వెనక తగిలించే మోటారుతో సహా అమ్మకానికి వచ్చింది. చూసి పెట్టమని బావ నన్ను పిలిచాడు. రైల్వే క్వార్టర్లుండే ట్రాఫిక్ కాలనీలో మా పక్కింటి అప్పన్న మావను కూడా రమ్మన్నాడు. ఆయన మా వర్క్‌షాపులోనే, ప్యాసింజరు పెట్టెలు బాగుచేసే క్యారేజీ షాపులో వడ్రంగిగా చేసి రిటైరైనవాడు. నేనుండగా ఈయనెందుకని లోపల గుర్రుగా ఉంది నాకు.

మోటారును మాత్రం నిక్కచ్చిగానే చూశాను. నీళ్ళ డ్రమ్ములో దించి స్టార్ట్ చేస్తే, ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు పక్క కన్నంలోంచి ధారగా వచ్చాయి. గేరు ఆయిల్ వేలికి తీసుకుని చూస్తే పాలు కలిపినట్టు తెల్లబడలేదు. అంటే లోపలికి నీరు దిగలేదు. ఇక పడవ చూద్దునా, నీలం రంగు నిగనిగలాడుతోంది. ఒక్క చుట్టు తిరిగి, "ఠీక్ హై బావా, తీసీసుకో" అనేశాను.

మా షాపులో అన్ని పనులూ పాసయ్యాకే వ్యాగన్‌కు రంగు వేస్తారు. పదిహేనేళ్ళ సర్వీసులో, కొత్త రంగు కనబడితే బండి పాసైనట్టేనని నా కళ్ళకు అలవాటైపోయింది.

అప్పన్న మావ మోటారు బిగించే వెనక చెక్కలో స్క్రూడ్రైవర్ పొడిచాడు. పిడి దాకా దిగిపోయింది. తీస్తే తడి పొట్టు రాలింది.

"మన షాపులో రంగు ఆఖర్న ఏస్తారు బాబూ. అమ్ముకునేటోడు పుచ్చు కప్పడానికి ముందే ఏసీసినాడు. నడి సముద్రంలో ఈ సెక్క ఊడితే మనిషి ఏటవుతాడు?"

నాకు తల కొట్టేసినట్టయింది. అది గమనించే కాబోలు, ఆయన బావ వైపు తిరిగి, "మోటారు సంగతి మీ బామ్మర్ది బాగా సూసినాడు. సెక్క ఆడి పని కాదు, అంతే" అన్నాడు. బావ ఆ పడవ కొనలేదు. ఈ సంగతి మావ మా షాపువాళ్ళెవరి చెవినా వేయలేదు. వేసి ఉంటే టీ వేళ అందరూ నన్ను ఏడిపించి చంపేవారు.

మరుసటి ఏడు బావ రంగు వెలిసిన వేరే పడవ కొన్నాడు. దాన్ని ముందు అప్పన్న మావకు చూపించమన్నది నేనే.

ఒక పనిలో ఆరితేరినంత మాత్రాన పక్క పని తెలిసినట్టు కాదు. అది తెలిసినవాణ్ణి అడగాలి. ఆ రోజు అడిగింది బావ, నేను కాదు. ఇవాళ మా అక్క పసుపుకుంకుమలతో ఉందంటే అప్పన్న మావ చలవే.