ఆదెమ్మ కడిగిన గాజు

బెంగళూరులో డీఎన్‌ఏ వెలగాలన్నా, ఆరిపోవాలన్నా ఆదెమ్మ చెయ్యి పడాల్సిందే. కాటన్‌పేట నుంచి రెండు బస్సులు మారి పరిశోధనశాలకు వెళ్లి, వేలెడంత గాజు పాత్రలు కడగడం ఆమె ఉద్యోగం. వాటిలో డీఎన్‌ఏ కలిపిన నీళ్లు పోసి అతినీలలోహిత కాంతి పడేలా చేస్తే, ఏ రంగూ కలపకుండానే అది తనంతట తాను వెలుగుతుంది. ఆ వెలుగు కంటికి ఆనదు, యంత్రానికే అందుతుంది. అంత సన్నని వెలుగు కాబట్టి ఆదెమ్మ పాత్రను అంచులు పట్టుకుని ఏడుసార్లు కడిగి బోర్లిస్తుంది. గుడ్డ తగలనివ్వదు.

మొన్న పీహెచ్‌డీ చేస్తున్న కాత్యాయని పరుగెత్తుకొచ్చింది. "అవ్వా, సిగ్నల్ పదింతలు వచ్చింది. మూడేళ్ల కష్టం. ఇప్పుడే సార్‌కి మెయిల్ పెట్టేస్తా."

ఆదెమ్మ ఆమె చేతిలోని పాత్రను తీసుకుని ఎత్తి చూసింది. అంచున సన్నని నూలుపోగు అంటుకుని ఉంది. "దీన్ని దేంతో తుడిచినావు పాపా?"

కాత్యాయని జేబులోంచి ఉతికిన రుమాలు తీసింది. ఆదెమ్మ దాన్ని యూవీ దీపం కింద పరిచింది. రుమాలంతా నీలంగా మెరిసింది. "ఇది మీ ఇంటి సబ్బుపొడి వెలుగు. ఇట్లా ఇయ్యి, మళ్లీ కడుగుతా."

మళ్లీ కొలిస్తే ఎప్పటిలా పిసరంత వెలుగే వచ్చింది. కాత్యాయని ముఖం వాడిపోయింది గానీ, తప్పుడు మెయిల్ పోలేదు.

పదో తరగతి తప్పిన మనవడు ఇదంతా రాసి, డీఎన్‌ఏ వెలుగును కాపాడిన వీరనారి మా అవ్వ అని చదివి వినిపించాడు. ఆదెమ్మ ఆవలించింది. "ఆ వెలుగు నేను ఒక్కనాడూ చూడలేదప్పా. నువ్వు అన్నం తిని వదిలేసిన తట్ట మాత్రం పొద్దున్నుంచి చూస్తా ఉండాను. లేచి కడుగు."