వంటింటి వైపు తిరిగిన రేడియో

సత్తెనపల్లిలో మాకో రేడియో ఉండేది. ఉండడమంటే ఊరికే ఉండడం కాదు, దానికి ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఇప్పటి పిల్లలకు చెబితే పడీ పడీ నవ్వుతారు. గాలిలో వచ్చే పాటకు సర్కారుకు డబ్బు కట్టడమేంటి నాయనమ్మా అంటారు. కట్టాం మరి! కట్టకపోతే సెట్టు పట్టుకుపోయేవాళ్ళు.

పోనీ కట్టేస్తే తీరిపోతుందా అంటే, అదీ లేదు. ఒక ఏడు ఒక రూలు, మరుసటి ఏడు ఇంకో రూలు. ఇంట్లో వింటే ఒక ధర, కొట్టులో వింటే ఇంకో ధర, గడువు దాటితే పైన వడ్డింపు. పోస్టాఫీసు గోడకు అంటించిన నోటీసు చదివి రావడం నా పని. ఎనిమిదో క్లాసు చదివిన కోడలిని కదా! చదివొచ్చి చెబితే మా అత్తగారు నా మీదే విరుచుకుపడేది, ఆ రూలేదో నేనే రాసినట్టు.

"మొన్ననేగా కట్టొచ్చావు? మళ్ళీ మార్చారంటావేంటే?"

"నేను మార్చానా అత్తయ్యా? నా మీద అరుస్తారేం?"

"చదివింది నువ్వేగా!"

మామగారు పోయాక ఆవిడ మా వీధి వరండాలో కాఫీ హోటలు పెట్టింది. మా ఆయనకు పత్తి మిల్లులో పని, పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. పొయ్యి దగ్గర ఆవిడ, గల్లాపెట్టె దగ్గర నేను. ఆ హోటలు పెట్టినందుకే ఆవిడ పుట్టింటివాళ్ళు రావడం మానేశారు. వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టాల్సిన ఇంట్లో తిండి అమ్ముకుంటోందట, ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరట. అందరికంటే గట్టిగా అన్నది ఆవిడ చంకనేసుకుని పెంచిన తమ్ముడే. మిర్చి బస్తాల బండి తోలుకుంటూ మా వీధిలోంచే పోయేవాడు, తల ఇటు తిప్పితే ఒట్టు. ఆ పూట అత్తగారు దోసెలన్నీ మాడ్చేది. డబ్బులిచ్చిన పాపానికి గిరాకీలు ఆ మాడు దోసెలు నమలలేక నమిలేవాళ్ళు. నాకు నవ్వూ వచ్చేది, ఆవిడ మొహం చూస్తే ఏడుపూ వచ్చేది.

ఇంతలో మాకు ఎదురుగా పెద్ద హోటలొకటి వచ్చింది. వాళ్ళవి పాలరాతి బల్లలు, మావి కాళ్ళు ఊగే చెక్క బల్లలు. అయినా పత్తి బండ్లవాళ్ళు మా దగ్గరికే వచ్చేవాళ్ళంటే, అదంతా రేడియో చలవే. సాయంత్రం బెజవాడ స్టేషనులో బజారు ధరలు చెప్పేవాళ్ళు. అవి వినేదాకా ఒక్కడూ బల్ల మీంచి లేచేవాడు కాదు, వింటూ వింటూ ఇంకో కాఫీ చెప్పేవాడు. ఆ సెట్టు పోతే వీళ్ళంతా వీధి దాటి అవతలికి పోతారు, మా పొయ్యి ఆరిపోతుంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

మాది ఇంటి లైసెన్సు. హోటలైతే దానికి వేరే లైసెన్సు కట్టాలని ఒక ఏడు కొత్త నోటీసు పడింది. చదివొచ్చి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, వరండాకూ వంటింటికీ మధ్య కిటికీలో ఉన్న రేడియోను పట్టుకుని వంటింటి వైపు తిప్పేసింది.

"ఇంకేం, మనం ఇంట్లోనే వింటున్నాం. బయటికి వినబడితే మన తప్పా? అంతగా అయితే చెవులు మూసుకోమను!"

మోత మాత్రం బాగా పెంచింది. వీధి చివరి కుక్కలకు కూడా పత్తి ధర తెలిసిపోయేది.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక సాయంత్రం వరండా నిండా జనం ఉండగా చంకలో సంచీతో ఎవరో కొత్తాయన వచ్చి కూర్చున్నాడు. కాఫీ అడిగి తాగాడు. తీరిగ్గా మూతి తుడుచుకుని, "నేను రేడియో లైసెన్సుల ఇన్స్పెక్టర్నమ్మా. మీ సెట్టుకు హోటలు లైసెన్సు ఉందా?" అన్నాడు.

అత్తగారు చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది.

"హోటలేంటి నాయనా? ఇది మా ఇల్లు."

"మరి వీళ్ళంతా?"

"మా చుట్టాలు."

"బయట 'కాఫీ, టిఫిన్' అని బోర్డుందే?"

"చుట్టాలకు ఇల్లు గుర్తు ఉండొద్దూ!"

ఆయన నవ్వాపుకుంటూ పక్కనున్న రైతును, "మీరేమవుతారండీ ఈవిడకి?" అని అడిగాడు. ఆ మహానుభావుడు కంగారులో, "అల్లుణ్ణండి" అనేశాడు. అత్తగారి కంటే పదేళ్ళన్నా పెద్దవాడు. పైగా ఆవిడకు ఆడపిల్లలే లేరు. ఆ పక్కన మిషన్ స్కూలు మాస్టారు, మెడలో సిలువ. "నేను అన్నయ్యనండి" అన్నాడు. ఇన్స్పెక్టరు ఆ సిలువ వంక చూశాడు. "అందరం ఒకే తండ్రి బిడ్డలం కదండీ" అన్నాడు మాస్టారు, ఏమాత్రం తొణక్కుండా.

"సరే, నా కాఫీ డబ్బులు తీసుకోండి" అని ఇన్స్పెక్టరు గల్లాపెట్టె మీద బిళ్ళ పెట్టాడు. నా పాడు చెయ్యి, అలవాటు కొద్దీ ముందుకు పోయింది. అత్తగారు గరిటె కాడతో దాని మీద ఒక్కటిచ్చింది. డబ్బు ముట్టుకుంటే హోటలే కదా మరి!

"తమ్ముడి దగ్గర డబ్బులు తీసుకుంటారటే ఎక్కడైనా? జేబులో పెట్టుకో తమ్ముడూ. ఉప్మా తింటావా?"

"తింటానక్కా" అన్నాడు. తిన్నాడు. పెసరట్టు కూడా తిన్నాడు. అది చూసి మా చుట్టాలకు ధైర్యం వచ్చింది. వదినా నాకూ ఒకటి, పిన్నీ ఇటు చట్నీ, అంటూ మొదలుపెట్టారు. అల్లుడుగారైతే అలిగినంత పని చేసి మూడో అట్టు వేయించుకున్నాడు. బజారు ధరలు అయిపోయాయి, ఒక్కడూ కదిలితేనా! నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఈవిడ రేపు నన్ను కాల్చుకు తింటుందనుకుంటూ అత్తగారి వైపు చూశాను. ఆవిడ వంగి వంగి కొసరి కొసరి వడ్డిస్తోంది. ఇంకొంచెం వేసుకో, మొహమాటపడకు అంటోంది. కళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి. నేను చచ్చేంత భయపడ్డాను.

"ఏమైందక్కా?" అన్నాడు ఇన్స్పెక్టరు, తినడం ఆపి.

"ఏం లేదయ్యా. ఈ ఇంట్లో చుట్టాలు కూర్చుని తిని ఏళ్ళయింది. మా తమ్ముడు కూడా రాడు, తిండి అమ్ముకుంటున్నానని."

ఇన్స్పెక్టరు ఆకులో ఉన్నది పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, సంచీ విప్పకుండానే లేచాడు.

"తమ్ముడిగా తిన్నాను, ఇంక రిపోర్టేం రాస్తాను? రేపే వెళ్ళి హోటలు లైసెన్సు కట్టెయ్యక్కా. ఈసారి వస్తే ఈ చుట్టరికాలేవీ చెల్లవు."

మర్నాడు పోస్టాఫీసు తలుపులు తీసేసరికి మేమిద్దరం మెట్ల మీద ఉన్నాం. రేడియో మళ్ళీ వరండా వైపు తిరిగింది. సాయంత్రం నేను డబ్బులడిగితే అల్లుడుగారు, "నిన్నటి మర్యాద ఇవాళ లేదేంటి?" అని ఒకటే నస. ముక్కుపిండి వసూలు చేశాను.

మళ్ళీ ఏడు ఇన్స్పెక్టరు వచ్చాడు. లైసెన్సు చూశాడు, సరిగ్గా ఉందన్నాడు, కాఫీ తాగి బిళ్ళ పెట్టాడు. అత్తగారు దాన్ని వెనక్కి తోసేసింది.

"ఇప్పుడు హోటలేగా అక్కా, తీసుకో."

"హోటలేనయ్యా. హోటలని తెలిసే మా వాడు రావడం లేదు. హోటలని తెలిసీ నువ్వు వచ్చావు. నీ దగ్గర తీసుకోను."

ఆయన బిళ్ళ జేబులో వేసుకున్నాడు. ఆవిడ ఇంకో గ్లాసు కాఫీ తెచ్చి ఆయన ముందు పెట్టి, పక్కనే బల్ల మీద కూర్చుంది. హోటలు పెట్టాక గిరాకీ వేళ ఆవిడ కూర్చోగా చూడడం నాకదే మొదలు. లోపల పెనం మీద అట్టు మాడుతున్న వాసన వచ్చింది. నేనే లేచి వెళ్ళి తిప్పాను.