నా రోగనిరోధక శక్తి పెరగొద్దని చేసిన ప్రార్థన

కరీంనగర్‌లో పెద్ద డాక్టరు నా కడుపులోకి గొట్టం వేసి చూసి, పెద్దపేగు లోపలంతా వాచి పుండ్లు పడ్డాయని చెప్పినప్పుడు, నేను బిర్యానీ నేరాలన్నీ ఒప్పుకోవడానికి సిద్ధపడే ఉన్నాను. రోజుకు ఎన్నిసార్లు పరుగెత్తేవాణ్ణో మా గ్రానైట్ ఆఫీసులో అందరికీ తెలుసు. నా కుర్చీ నాతో కంటే ఖాళీగానే ఎక్కువ కనిపించేది.

"ఏం తిన్నందుకు వచ్చింది సార్?" అని అడిగాను.

"తిండి తోటి రాలే తమ్మీ. నీ రోగనిరోధక శక్తికి తిక్కలేసింది. దొంగలను చూసి మొరగాల్సిన కుక్క ఇంటోళ్లనే కరుస్తుంది. గీ గోలీలు దాన్ని జర సల్లబరుస్తయి. పూర్తిగ పోదు, కానీ అదుపుల ఉంటది. ఆపకుండ వేసుకో."

గోలీలు పని చేశాయి. రక్తం ఆగింది, అన్నం అన్నంలాగా అనిపించింది. సరిగ్గా అప్పుడే నాకు పెళ్లి కుదిరింది. మా ఖానాపూర్ చర్చి సంఘంలో అమ్మాయే. కరీంనగర్‌లో ఒక బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. నాకు ఎంత నచ్చిందంటే, ఈ జబ్బు సంగతి చెబితే కాదంటుందేమోనని రోజూ వాయిదా వేసేవాణ్ణి. చెప్పకుండా పెళ్లి చేసుకోవడానికి మనసొప్పేది కాదు. ఫోన్‌లో "మీకొక మాట చెప్పాలె" అని మొదలుపెట్టేవాణ్ణి. "చెప్పుండ్రి" అనగానే వాన గురించి మాట్లాడేవాణ్ణి. పెళ్లిచూపులైన అమ్మాయితో మొదటి ముచ్చట్లలోనే పేగుల ప్రస్తావన ఎలా తెచ్చేది?

మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఇలాంటి మొహమాటాలు లేవు. డాక్టరు చెప్పినదాంట్లో ఆమె చెవికెక్కింది "రోగనిరోధక శక్తి" ఒక్కటే. కరోనా రోజుల నుంచి ఆ శక్తిని పెంచడమే తప్ప తగ్గించడం ఆమె ఎరగదు. తిప్పతీగ, మిరియాలు, శొంఠి వేసి మరిగించిన నల్లటి కషాయంతో నా వెంటపడేది.

"అవ్వా, డాక్టరు దాన్ని తగ్గియ్యమన్నడే!"

"శక్తి తగ్గితె మనిషి నిలవడ్తడా? డాక్టరుకు ఏం తెలుసు?"

ఆ నెల ఇంటి ప్రార్థన కూటం మా ఇంట్లోనే జరిగింది. మాలో పాటలు, పాస్టరు అయ్యగారి బైబిలు వాక్యం అయ్యాక ఒక్కొక్కరు లేచి ప్రార్థన అంశాలు చెబుతారు. ఒకామె మోకాళ్ల నొప్పులు చెప్పింది. ఒకాయన పత్తికి పట్టిన తెగులు చెప్పాడు. కాబోయే పెళ్లికూతురు వాళ్ల అమ్మతో కలిసి ముందు చాప మీదే కూర్చుని ఉంది. అప్పుడు మా అవ్వ లేచింది.

"అయ్యగారూ, మా పిలగానికి పేగులల్ల పుండ్లున్నయి. రోగనిరోధక శక్తి మస్తుగ పెరగాలెనని అందరు గట్టిగ ప్రార్థన చెయ్యుండ్రి."

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అయ్యగారు కళ్లు మూసి చేతులెత్తారు. "తండ్రీ, ఈ బిడ్డ రోగనిరోధక శక్తిని రెట్టింపు చేయుము!" అందరూ ఆమేన్ అన్నారు. "పదింతలు చెయ్యి ప్రభువా!" అని మోకాళ్లావిడ అరిచింది. "గోదారి లెక్క పొంగించు!" అన్నాడు పత్తి ఆయన, తన తెగులు సంగతే మరిచిపోయి. నా కడుపు అప్పుడే గుడగుడలాడింది.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, పెంచొద్దు! తగ్గియ్యమనుండ్రి!"

పిల్ల తల్లి నా వైపు తిరిగింది. "ఏందయ్యా గిది? దేవుడు బలమిస్తుంటె వద్దంటవా?"

ఇక దాచడానికి ఏం మిగల్లేదు. కుక్క సంగతి, గోలీల సంగతి, రక్తం సంగతి, ఇది ఎప్పటికీ పూర్తిగా పోదన్న సంగతి, మొత్తం చాపల మధ్య నిలబడి చెప్పేశాను. కాబోయే పెళ్లికూతురు తల ఎత్తలేదు. నా పెళ్లి మా ఇంట్లోనే, నా కళ్లముందే పోయిందనుకున్నాను. అయ్యగారు పాపం, ఆమేన్ దాకా వెళ్లిన ప్రార్థనను వెనక్కి ఎలా తీసుకోవాలో తెలియక దగ్గుతున్నారు.

అప్పుడు ఆ అమ్మాయి లేచింది. కొంగు తల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఇందాక మేం అడిగినయి ఏవి ఇయ్యకు. ఈయన కడుపుల కుక్కను జర పండుకోబెట్టు. గోలీలు యాది మరువకుండ చూడు. అత్తమ్మను కషాయం పొయ్యకుండ ఆపు. ఆమేన్."

ఇల్లంతా ఆమేన్ అంది. మా అవ్వ ఒక్కతే కొంచెం ఆలస్యంగా అంది.

అందరూ చాయ్ తాగుతుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. నాకు ఏడుపొస్తోంది, చాయ్ కప్పులోకే చూస్తున్నాను.

"కరీంనగర్‌ల కిరాయికి ఇల్లు చూస్తున్నరు గద?" అంది.

"చూస్తున్న."

"రెండు బాత్‌రూములున్నది చూడుండ్రి. పొద్దుగాల నాకు బడికి లేటయితది."