టెయిల్‌బోర్డు మీద మునిగిన ఓడ

2007. బళ్ళారిలో ఇనుప ఖనిజం లారీలతో రోడ్లు తెరిపి లేకుండా ఉన్న రోజులు. కంటోన్మెంటులో నా పెయింటింగ్ షెడ్డు ముందు కొత్త టిప్పర్లు బారులు తీరేవి. చేతినిండా పని, టర్పెంటైన్ వాసన, పక్క బండిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచివస్తుంది. టిప్పరుకు పేరు ముందువైపు రాస్తాం. బొమ్మ మాత్రం టెయిల్‌బోర్డు మీద, అంటే లోడు దించేటప్పుడు తెరుచుకునే వెనక తలుపు మీద వేస్తాం. వెనక వచ్చే డ్రైవర్లు గంటల తరబడి చూసేది దాన్నే.

ఒకరోజు పక్కనున్న మోక అనే ఊరి నుంచి తిమ్మారెడ్డి వచ్చాడు. సేద్యం చేసుకునే కుటుంబం, అప్పుడే దోణిమలై గనుల ఖనిజ రవాణాలోకి దిగింది. వాళ్ళ చిన్నాయన హనుమంతరెడ్డి నేవీలో పనిచేసి వచ్చినాయన. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన ఉన్న నౌక శత్రువుల యుద్ధనౌకను ముంచిందట.

"ఆ ఓడ మండుతా మునిగిపోతాండాల. మన జెండా పైన ఎగరతాండాల" అన్నాడు తిమ్మారెడ్డి.

నేను సముద్రం చూసినవాణ్ణి కాను. అయినా ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే తొలిపూత, ఆరగానే మొదలుపెట్టి మంటలకు పసుపు, ఎరుపు ధారాళంగా వాడాను. రెడ్డి చూసి మురిసిపోయి చిన్నాయనను పిలుచుకొచ్చాడు.

పెద్దాయన చాలాసేపు చూశాడు. "ఓడ బాగుండాది. మనుషులు యాడప్పా?"

"శత్రువుల ఓడ కదా చిన్నాయనా!" రెడ్డి నవ్వాడు.

"శత్రువులదైతే మనుషులుండరా? నీళ్ళలో ఈదతాండ్రి. ఆగేదానికి మాకు ఆర్డర్ ల్యా. వచ్చేసినాం."

రెడ్డి మొహం మాడింది. "ఘాటు రోడ్డెక్కే బండి ఇది. సావులు గీయిస్తే ఏ డ్రైవరు స్టీరింగ్ పట్టుకుంటాడు?"

నేను మధ్యలో కల్పించుకున్నాను. "మన నౌక నుంచి పడవ దించినట్లు గీస్తా సామీ. వాళ్ళను కాపాడినట్లుంటాది."

"జరగంది గీయొద్దప్పా" అన్నాడు పెద్దాయన, గొంతు పెంచకుండానే. "మేం చేసింది తప్పని నేననల్యా. మేం ముంచకుంటే వాళ్ళు మమ్మల్ని ముంచుతాండ్రి. కానీ ఊర్లో అందరూ ఓడ ఎట్ల మునిగిందనే అడిగినారు. దాంట్లోవాళ్ళు ఏమైనారని ఒక్కరూ అడగల్యా."

 రెడ్డి నా వైపు తిరిగి అన్నాడు: "గీయప్పా. మా చిన్నాయన నోరు తెరిచి నన్నేమీ అడిగిన మనిషి కాదు."

సన్న కుంచె తీసుకుని అలల మధ్య తలలు, పైకెత్తిన చేతులు గీశాను. పెద్దాయన స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాడు. ఒక తల దగ్గర నన్ను ఆపాడు.

"వీనికి మీసం పెట్టు. మంటల ఎలుతురులో సూసినా. నా వయసోడే."

ఆ తలకు మీసం గీశాను. రెడ్డి వంగి ఆ ముఖం చూశాడు.

"వాడేమైనాడు చిన్నాయనా?"

"తెలీదు నాయనా." పెద్దాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వడిగినావు. సాలు."

ఆ బండి వద్దన్న డ్రైవరు లేడు. దోణిమలై క్యూలో లారీలు నిలిచిపోయినప్పుడు, వెనకవాళ్ళు దిగివచ్చి ఆ మీసాలాయన ఎవరని అడిగేవారట. నేను ఆ తర్వాత ఎన్నో టిప్పర్లకు బొమ్మలు వేశాను. గెలుపును గీయడానికి మంటలు, జెండా చాలని అంతవరకూ అనుకునేవాణ్ణి. గెలిచినవాడు గుండెలో ఎవరిని మోసుకుని ఇంటికొచ్చాడో, వాళ్ళు కూడా ఆ బొమ్మలోని మనుషులేనని ఆ పెద్దాయన వల్ల తెలిసింది.