కాళ్ల మీద పోసిన నీళ్లు

మొన్న ఆదివారం మా అన్న మనవరాలు ఏఎస్ రావు నగర్‌లో ఏవేవో కొనుక్కుని, సంచులతో సహా నాచారంలోని మా ఇంటికొచ్చి, మంచం మీద దుకాణం పరిచింది. పోచారంలో ఉద్యోగం చేస్తుంది, తోటివాళ్లతో కలిసి శ్రీలంక చూడబోతోంది. వెడల్పు అంచు టోపీ, ఎండకు ఒక క్రీము, దోమలకు ఒక క్రీము, ఓఆర్ఎస్ పొట్లాలు అన్నీ చూపించి, వేడి దేశాలకు పోయేవాళ్లు ఏమేం చేయాలో ఫోన్‌లోంచి చదివి వినిపించింది. నూలు బట్టలే కట్టుకోవాలట, కోసి పెట్టిన పండ్లు తినకూడదట, మిట్టమధ్యాహ్నం తిరగకూడదట. ఉప్పల్ రింగు రోడ్డు మీద మే నెలలో బస్సు కోసం నిలబడ్డవాళ్లకా ఇవన్నీ చెప్పేది అని నేను నవ్వబోతుంటే, దాహం వేయకముందే నీళ్లు తాగుతుండాలన్న మాట దగ్గరికొచ్చి, ఆ పిల్ల ఫోన్ పక్కన పడేసింది.

"ఇదొక్కటి నాతోని కాదు అమ్మమ్మా. బస్సుల మస్తు దూరం పోవాలె. ఊకె ఆపమంటే అందరు ఏమనుకుంటరు?" అంది.

నేను నవ్వలేదు, తలెత్తి చూశాను. ఆ పిల్ల వెనక గోడ మీద, దండ వేసిన ఫోటోలో మా వదిన ఉంది, అంటే దాని సొంత నానమ్మ. యాత్రలో ఉండగా అమ్మవారే వచ్చి తీసుకుపోయిన పుణ్యాత్మురాలని మా ఇంట్లో చెప్పుకుంటారు. పుణ్యమట! నేను ఆ బస్సులోనే ఉన్నాను.

మీలో నా వయసు ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో నేనూ వదినా ఇక్కడి ఒక ఫ్యాక్టరీలో సీసాలు ప్యాక్ చేసేవాళ్లం. ఆడవాళ్ల మరుగుదొడ్డి ఎక్కడో గోదాము వెనక ఉండేది, పోయివస్తే సూపర్‌వైజరు ముఖం మాడ్చుకునేవాడు, అందుకని పొద్దుటి చాయ్ తాగాక మళ్లీ అన్నం బెల్లు కొట్టేదాకా గుక్కెడు నీళ్లు ముట్టకపోవడం మాకు పనితోపాటే వచ్చిన విద్య. కొత్తగా చేరినవాళ్లకు సీసాలు సర్దడం కంటే ముందు వదిన నేర్పేది అదే. అందులో ఆమెను మించినవాళ్లు లేరని మురిసిపోయేవాళ్లం కూడా, మా మొహాలు మండ!

ఒక వేసవిలో ఫ్యాక్టరీవాళ్లమంతా కలిసి బస్సు మాట్లాడుకుని కంచి, మధుర, రామేశ్వరం బయల్దేరాం. అన్నకు సెలవు దొరకలేదు, చంటి కొడుకును ఆయనకు అప్పజెప్పి వదిన వచ్చింది. ఉప్పల్ దాటకముందే ఆడవాళ్లందరికీ హుకుం జారీ చేసింది. "పొద్దుగాల ఒక్క గుక్క తాగున్రి, మళ్ల బస్సు దిగినంకనే. డ్రైవరన్నను సతాయించొద్దు." మగవాళ్లు బీడీ కాల్చుకోవాలన్నా బస్సు ఆగేది, దిగి ఏ గట్టు పక్కనో నిలబడి వచ్చేవాళ్లు. మాకు చాటు కావాలి, తోడు కావాలి, అన్నిటికంటే ముందు అడగడానికి నోరు రావాలి. నిండు బిందె మా సీట్ల మధ్యే తొణుకుతూ ఉండేది.

మధుర దాటాక ఆ మధ్యాహ్నం బస్సు పెనంలా కాలింది. పొద్దుటినుంచీ అందరినీ ఆటపట్టించిన వదిన మాట్లాడటం మానేసి, తలనొప్పి అంటూ కళ్లు మూసుకుంది. చెయ్యి పట్టుకుంటే నిప్పులా కాలుతోంది, ఒంటిమీద చెమట చుక్క లేదు. కాసేపటికి కళ్లు తేలేసి, తల అటూ ఇటూ ఊపుతూ, అర్థంకాని మాటలేవో గొణగసాగింది. మాతోపాటు యాత్రకొచ్చి వెనక సీట్లో కూర్చున్న మా పెద్దమ్మ గబుక్కున లేచి, "అమ్మ వచ్చింది! దండం పెట్టుకోండ్రి!" అని కేకేసింది. ఏటా బోనాలలో పూనకాలు చూసిన కళ్లు మావి, ఇంకేం తోస్తుంది? జుట్టు విప్పాం, పసుపు పూశాం, కుంకుమ పెట్టాం. బిడ్డ పెళ్లెప్పుడవుతుంది తల్లీ అని ఒకామె, సొంతిల్లు ఎప్పుడమ్మా అని ఇంకొకామె వేడుకున్నారు. బోనాల నాడు అమ్మవారికి సాక పోసినట్టు, బిందెడు నీళ్లలో పసుపు కలిపి పోశాం. గొంతులో కాదు, కాళ్ల మీద. పొద్దుటినుంచీ మేమెవరం ముట్టని ఆ నీళ్లన్నీ బస్సంతా పారి, తలుపు సందులోంచి రోడ్డు మీదికి కారిపోయాయి.

ఆమె ఊగడం ఆగితే, అమ్మ శాంతించిందనుకున్నాం.

వెనక్కి తిరిగి చూసిన డ్రైవరు మాత్రం దారిలో దొరికిన దవాఖానాకు బస్సు తోలాడు. అక్కడి డాక్టరు ఆమె కనురెప్పలు ఎత్తి చూసి, మళ్లీ మూసేశాడు. ఆయన అరవం మాకు రాదు, చేత్తో గ్లాసెత్తి తాగినట్టు చూపించి, ఇవ్వలేదా అన్నట్టు మా ముఖాలు చూశాడు. బయట మెట్ల మీద డ్రైవరు తలకొట్టుకుంటూ ఏడ్చాడు. "ఒక్క మాటంటే ఆపకపోదునా అక్కా? నాకు అక్కచెల్లెండ్లు లేరా?" దుర్మార్గుడైతే వాణ్ణి తిట్టుకునైనా బతికేవాళ్లం. మంచివాడు. మేం ఒక్కసారీ అడగలేదు.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను, నానమ్మ ఫోటో వైపు తిరిగి విన్నది. తర్వాత మెల్లగా తన సంగతీ చెప్పింది. ఆఫీసులో అద్దాల్లా మెరిసే బాత్రూములున్నా, ఇంటికి రావడానికి క్యాబ్ ఎక్కే ముందు చాలాసేపటినుంచే నీళ్లు తాగడం మానేస్తుందట. ఎవరు నేర్పారే నీకు అని అడిగితే, "ఎవరు నేర్పుతరు అమ్మమ్మా? మేమందరం గట్లనే" అంది.

మా ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. ఉప్పల్ మీదుగా మెట్రో పోతోంది, బస్సులకు ఏసీలొచ్చాయి, మన పిల్లలు సముద్రాలు దాటి దేశాలు చూసొస్తున్నారు. సంతోషమే, ఎందుకు కాదూ? ఆ టోపీలూ క్రీములూ ఎన్నైనా కొనుక్కో తల్లీ అన్నాను. దాన్ని లేపి, ఫోటో ముందు నిలబెట్టి, "బస్సు ఆపు అన్నా" అని ఒక్కసారి గట్టిగా అనమన్నాను. సిగ్గుపడి నవ్వింది. మళ్లీ అడిగాను. నేను తప్ప ఎవరూ లేని ఇంట్లో కూడా ఆ మాట దాని నోట్లోంచి రాలేదు.